నడి పసిఫిక్‌లో ఒక్క టిక్కు: ఓడ ప్రయాణంలో నెట్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పోయినేడాది అక్టోబరులో మా అమ్మాయీ అల్లుడూ మమ్మల్నిద్దర్నీ లాస్ ఏంజిలిస్‌లో ఓడ ఎక్కించి హవాయి తీసుకెళ్లి తీసుకొచ్చారు. మొత్తం పదహారు రోజులు. వెళ్లేటప్పుడు నాలుగు రోజులు, వచ్చేటప్పుడు ఐదు రోజులు చుట్టూ నీళ్లే. తిరిగొచ్చాక తెలిసినవాళ్లు అడిగిన ప్రశ్నల్లో సగం తిండి గురించి, సగం నెట్ గురించి. తిండికి లోటు లేదు, పెరుగన్నం కూడా దొరికింది, ఊరగాయ మాత్రం మనం తీసుకెళ్లాల్సిందే. ఇక మిగిలింది నెట్. నేను టెలిఫోన్స్ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ని కాబట్టి ఈ విషయం నన్ను కాస్త ఎక్కువగానే అడుగుతున్నారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక రాసి పెడుతున్నాను.

అసలు నడిసముద్రంలో నెట్ వస్తుందా, రాదా?

డబ్బు కడితే వస్తుంది. కాకపోతే ఇంట్లో వైఫై లాంటిదే అనుకుని వెళ్తే ఏడుపొస్తుంది. మా ఓడలో ఒకరోజు తెల్లవారుజామున వీడియో కాల్ కూడా చక్కగా కలిసింది. అదే రోజు సాయంత్రం వాట్సాప్‌లో ఒక్క ఫొటో పోవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. మర్నాడు మధ్యాహ్నం మూడు గంటల పాటు ఏమీ లేదు. బొత్తిగా రాదని తెలిస్తే మనిషి ఇంకో పని చూసుకుంటాడు. వస్తూ పోతూ ఉంటేనే ఫోన్ పైకెత్తి పట్టుకుని డెక్కుల వెంట తిరుగుతాడు. మొదటి రెండు రోజులు నేను చేసిన పని అదే. మా ఆవిడ మాత్రం హాయిగా కుర్చీలో కూర్చుని సముద్రం చూసింది.

కాబట్టి ఎవరడిగినా ముందు ఒకటే చెబుతున్నాను. ఆ తొమ్మిది రోజుల్లో నెట్ లేకపోతే ఆగిపోయే పని ఒక్కటి కూడా మిగలకుండా ఒడ్డున ఉండగానే చూసుకోండి. కింద రాసినదంతా దాదాపు దాని గురించే.

ఫోన్ టవర్ సిగ్నల్ సముద్రంలో ఎంత దూరం అందుతుంది?

పాత 2జీ పద్ధతిలో టవర్‌కీ ఫోన్‌కీ మధ్య దూరం మామూలుగా 35 కిలోమీటర్లు దాటకూడదు. ఇప్పటి టవర్లకు లెక్కలు వేరైనా, ఒడ్డు కనుమరుగయ్యాక సిగ్నల్ మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు. ఓడ గంటకు 35 కిలోమీటర్ల దాకా పోతుంది. గంట, గంటన్నరలో గీతలన్నీ పోతాయి. ఆ తర్వాత హవాయిలోని హోనలూలూ రేవు దాకా సుమారు 4,100 కిలోమీటర్లు. కాశ్మీరు నుంచి కన్యాకుమారికి ఉన్న దూరం కన్నా ఎక్కువే. నడిసముద్రంలో ఒక దీవి కూడా లేదు, టవర్ ఎక్కడ పెడతారు?

శాటిలైట్ నెట్ అంటున్నారు కదా, మరి ఎందుకంత మెల్లగా ఉంటుంది?

పాతరకం శాటిలైట్లు భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. ఓడ నుంచి సిగ్నల్ అంత ఎత్తు ఎక్కి, ఎక్కడో నేల మీదున్న ఎర్త్ స్టేషన్‌కు దిగాలి. జవాబు మళ్లీ అదే దారిలో ఎక్కి దిగాలి. వెలుగు వేగంతో వెళ్లినా రానూ పోనూ అర సెకను పడుతుంది. తక్కిన ఆలస్యాలు కలిస్తే ఇంకాస్త. ఎనభైల్లో అమెరికా నుంచి ఫోన్ వస్తే 'హలో' అన్నాక కాసేపు నిశ్శబ్దం, ఈలోగా అటూ ఇటూ ఇద్దరూ ఒకేసారి మాట్లాడెయ్యడం గుర్తుందా? అదీ ఇదీ ఒకటే. ఒక వెబ్ పేజీ తెరుచుకోవాలంటే ఇలాంటి రాకపోకలు చాలాసార్లు జరగాలి. అందుకే స్పీడు ఉన్నట్టే కనిపిస్తుంది, పేజీ మాత్రం తెరుచుకోదు.

దీనికి తోడు మూడు నాలుగు వేల మందికీ కలిపి ఒకే గొట్టం. అపార్ట్‌మెంట్లో పొద్దున ఏడింటికి అందరూ కుళాయిలు తిప్పితే పై అంతస్తువాళ్ల గతి తెలిసిందే కదా. వాన గట్టిగా పడినా సిగ్నల్ దెబ్బతింటుంది. ఓడ దిశ మారినప్పుడు దాని పొగగొట్టమే డిష్‌కు అడ్డం రావచ్చు. అలాస్కా వెళ్లేవాళ్లకు ఇంకో తంటా ఉంది. అంత ఉత్తరాదికి పోతే ఈ శాటిలైట్లు దక్షిణం వైపు ఆకాశంలో బాగా కిందికి ఉంటాయి, రెండు పక్కలా కొండలున్న సన్నటి జలమార్గాల్లోకి ఓడ దూరగానే అవి చాటుకు పోతాయి.

ఇప్పుడన్నీ స్టార్‌లింక్ ఓడలే అంటున్నారు. ఇంకా ఈ బాధ ఉందా?

చాలా తగ్గింది, పోలేదు. స్టార్‌లింక్ అంటే స్పేస్‌ఎక్స్ కంపెనీ ఇచ్చే శాటిలైట్ నెట్. దాని శాటిలైట్లు సుమారు 550 కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి, అంటే పాతవాటి ఎత్తులో అరవయ్యో వంతు లోపే. అందుకని ఆ అర సెకను ఆలస్యం ఉండదు. రాయల్ కరీబియన్ అనే ఓడల కంపెనీ 2022లో తన ఓడలన్నిటికీ ఇది పెడతామని ప్రకటించింది, తర్వాత మిగతా పెద్ద కంపెనీలూ ఆ దారి పట్టాయి. 8,000 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఓ3బీ శాటిలైట్లను వాడుకునే ఓడలు కూడా ఉన్నాయి.

మరి ఇబ్బంది ఎక్కడ? ఒడ్డుకు దూరంగా ఉన్నప్పుడు ఆ శాటిలైట్‌కు అందుబాటులో ఎర్త్ స్టేషన్ ఉండదు. శాటిలైట్ నుంచి శాటిలైట్‌కు లేజర్‌తో అందించుకుంటూ నేల మీదికి చేర్చాలి. ఆ మాటకొస్తే చాలాసార్లు తప్పు ఆకాశంలో ఉండదు, ఓడలోనే ఉంటుంది. ఓడంతా ఉక్కు. గోడకో వైఫై పెట్టె పెట్టినా ఒక మూలకు అందదు. మా క్యాబిన్‌లో తలుపు దగ్గర నిలబడితే పూర్తి గీతలు, బాల్కనీలో కూర్చుంటే సున్నా. ఆ పెట్టె బయట వరండాలో ఉందని మూడో రోజు కనిపెట్టాను. తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటే సగం సమస్య తీరింది.

ఇంకొకటి, స్టార్‌లింక్‌కు అనుమతి లేని దేశాల తీరజలాల్లో, అంటే ఒడ్డు నుంచి 12 నాటికల్ మైళ్ల లోపల, దాన్ని ఆపెయ్యాల్సి వస్తుంది. హవాయి దారిలో ఆ గొడవ లేదు. రకరకాల దేశాలు తిరిగే ఓడలకు ఉంటుంది.

ప్యాకేజీ ఎంత? ఎక్కడ కొనాలి?

కంపెనీని బట్టి, మేం వెళ్లినప్పుడు ఒక్కో ఫోనుకు రోజుకు సుమారు 15 నుంచి 30 డాలర్ల మధ్య ఉండేది. రోజుకు 20 అనుకున్నా పదహారు రోజులకు 320 డాలర్లు. ఓడ ఎక్కకముందే కంపెనీ సైట్‌లో కొంటే సాధారణంగా చవక. నలుగురికి నాలుగు కొనకండి. ఒక్క ఫోనుకు కొని, ఒకరు లాగౌట్ అయ్యాక ఇంకొకరు లాగిన్ అయితే చాలు. మేం పెద్దవాళ్లం నలుగురం రెండు కనెక్షన్లతో సరిపెట్టుకున్నాం. మాలో మాకు 'లాగౌట్ చేశావా లేదా' అన్న గొడవలు జరిగిన మాట వాస్తవం.

చవక ప్యాకేజీల్లో కొన్నిచోట్ల వీడియోలు, వీడియో కాల్స్ ఆపేస్తారు. కొనేముందు అది చదవండి.

అమెరికా రోమింగ్ ప్యాక్ వేయించుకున్నాం. ఓడలోనూ పనిచేస్తుందా?

ఇక్కడే జాగ్రత్త. చాలా ఓడల్లో సొంత మొబైల్ టవర్ ఉంటుంది. ఒడ్డు దాటాక అది మొదలవుతుంది, ఫోన్ మీద 'సెల్యులార్ ఎట్ సీ' అనో ఇంకేదో పేరు వస్తుంది. మనం సిగ్నల్ వచ్చిందని సంబరపడతాం. అది అమెరికా నెట్‌వర్క్ కాదు, అమెరికా ప్యాక్ దానికి వర్తించదు. ఛార్జీ నిమిషానికి డాలర్లలో ఉంటుంది, డేటా అయితే చెప్పనక్కర్లేదు. మన ప్రమేయం లేకుండా ఫోన్ తనంతట తాను మెయిళ్లు తెచ్చుకున్నా బిల్లు పడుతుంది. మా డిన్నర్ బల్ల దగ్గర కూర్చునే పెద్దాయన ఒకరు రెండో రోజుకే తల పట్టుకున్నారు.

ఓడ కదలగానే ఎయిర్‌ప్లేన్ మోడ్ వేసి, ఆ తర్వాత వైఫై ఒక్కటి ఆన్ చేసుకోండి. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లు మీరే తీసుకుని చేసిపెట్టండి. హవాయిలో దిగాక తీసెయ్యవచ్చు, అది అమెరికాలో ఒక రాష్ట్రమే కాబట్టి అమెరికా సిమ్, అమెరికా ప్యాక్ అక్కడ మామూలుగా పనిచేస్తాయి. తిరుగు దారిలో ఓడ మెక్సికోలో ఎన్సెనాడా అనే ఊళ్లో ఆగుతుంది. విదేశీ జెండా ఓడలు ఇలాంటి యాత్రలో మధ్యలో ఒక విదేశీ రేవును తాకి రావాలని అమెరికాలో 1886 నాటి చట్టం ఒకటి ఉంది, దాని పుణ్యం. అక్కడ మీ ప్యాక్‌లో మెక్సికో ఉందో లేదో చూసుకుని గానీ ఫోన్ ఆన్ చేయకండి.

ఇండియాలో ఇంట్లోవాళ్లు కంగారు పడుతున్నారు. ఏం చేయాలి?

ఇది నాకు బాగా అనుభవం, కాస్త వివరంగా చెబుతాను.

బయల్దేరేముందు నేనే గొప్పకు పోయి మా బావమరిదికి ఓడల జాడ చూపించే సైట్ పంపించాను. 'మేం ఎక్కడున్నామో రోజూ చూసుకోవచ్చురా' అని. ఆయన గుంటూరులో కూర్చుని నిజంగానే రోజూ చూశాడు. మూడో రోజు నెట్ రాగానే వరసగా ఆయన మెసేజ్‌లు. 'బావా, మీ ఓడ రెండు రోజులుగా ఒకేచోట ఉంది.' 'బావా, ఇంజిన్ ఏమైనా పాడైందా?' 'అక్క ఫోన్‌కు ఒక్క టిక్కే పడుతోంది.' చివరికి మా అమ్మాయి స్నేహితురాలికి, శాన్ హోసేకి ఫోన్ చేసి కనుక్కోమన్నాడు. మేమేమో ఆ సమయానికి మ్యాజిక్ షో చూస్తున్నాం.

జరిగిందేమిటంటే, ప్రతి ఓడా తన స్థానాన్ని ఏఐఎస్ అనే రేడియో సంకేతంతో చెబుతూ ఉంటుంది. ఉచిత సైట్లు చూపించేది ఎక్కువగా తీరంలోని రిసీవర్లు పట్టుకున్న సంకేతాలను. ఒడ్డుకు దూరమయ్యాక ఆ రిసీవర్లకు అందదు. శాటిలైట్ ద్వారా పట్టుకున్న స్థానం కావాలంటే డబ్బు కట్టాలి. కాబట్టి ఉచిత మ్యాపులో చివరిసారి కనిపించిన చోటే బొమ్మ అలా నిలబడిపోతుంది. ఓడ శుభ్రంగా వందల మైళ్లు వెళ్లిపోయి ఉంటుంది. ఆ సైట్ పంపించకండి. పంపిస్తే ఈ ముక్క కూడా చెప్పి పంపించండి.

వాట్సాప్‌లో ఒక్క టిక్కు సంగతీ అంతే. మన ఫోన్ నెట్‌లో లేదని దానర్థం, అంతకు మించి ఏమీ లేదు. వెళ్లేముందు ఇంట్లోవాళ్లకు ఇలా చెప్పండి: 'మేం వీలైనప్పుడు రోజుకొక మెసేజ్ పెడతాం. మూడు రోజులు రాకపోయినా నెట్ లేదని అనుకోండి. మీరు కాల్ చేయొద్దు, ఏదైనా ఉంటే రాసి పెట్టండి, మేమే చేస్తాం.' అందరికీ ఒక్కొక్కరికే పంపే ఓపిక, నెట్ రెండూ ఉండవు. ఇంట్లో ఒక్క మనిషిని ఎంచుకుని, ఆ మనిషి మిగతావాళ్లకు చెప్పేలా చూసుకోండి. నేను ఎంచుకున్నది బావమరిదినే. ఆ గొడవ తర్వాత ఆ పని ఆయన కూతురికి అప్పగించాను.

మరి నిజంగా అత్యవసరమైతే ఇంటివాళ్లు మమ్మల్ని ఎలా పట్టుకోవాలి?

ఒక కాగితం మీద ఓడ పేరు, కంపెనీ పేరు, బుకింగ్ నంబర్, క్యాబిన్ నంబర్, కంపెనీ అత్యవసర ఫోన్ నంబర్ రాసి ఇచ్చి రండి. వాళ్లు కంపెనీకి ఫోన్ చేస్తే, కంపెనీ ఓడకు చేరవేస్తుంది, ఓడవాళ్లు మీ క్యాబిన్‌కు కబురు పంపుతారు. మనకిచ్చే వైఫై పోయినంత మాత్రాన ఓడ లోకంతో తెగిపోయినట్టు కాదు. కెప్టెన్ దగ్గర రేడియో, శాటిలైట్ ఏర్పాట్లు వేరుగా ఉంటాయి, అంతర్జాతీయ నిబంధనల ప్రకారం అవి ఉండి తీరాలి. క్యాబిన్ ఫోన్ నుంచి బయటికి కూడా చేసుకోవచ్చు. నిమిషం లెక్కన బాగానే తీసుకుంటారు, ప్రాణం మీదికి వస్తే అది చూడం కదా.

బ్యాంకు ఓటీపీలు ఎలా?

రావు. ఎస్సెమ్మెస్ ఓటీపీ రావాలంటే మీ ఇండియా సిమ్‌కు మామూలు టవర్ దొరకాలి. వైఫై ఉన్నంత మాత్రాన ఎస్సెమ్మెస్ వస్తుందనే నమ్మకం పెట్టుకోకండి. దీనివల్ల ఓటీపీ అడిగే చోట ఆన్‌లైన్‌లో కార్డు వాడలేరు, బ్యాంకు యాప్ కొత్తగా తెరవలేరు, ఆధార్ ఓటీపీతో ముడిపడిన పని ఏదీ చేయలేరు. అందుకని బయల్దేరే ముందు వారం కరెంటు బిల్లు, క్రెడిట్ కార్డు బిల్లు కట్టేయండి లేదా ఆటోపే పెట్టండి. మెచ్యూర్ అయ్యే డిపాజిట్లు ఉంటే ఏం చేయాలో బ్యాంకుకు ముందే చెప్పండి. నవంబరులో వెళ్లే పెన్షనర్లు లైఫ్ సర్టిఫికెట్ మాట మరిచిపోకండి. షేర్లలో రోజువారీ కొనడం అమ్మడం చేసేవాళ్లు ఆ పదహారు రోజులూ దాని జోలికి పోకపోవడమే మేలు. సగంలో నెట్ పోతే అమ్మలేక కూర్చోవాలి.

ముఖ్యంగా, ఓడలో వాట్సాప్ తీసేసి మళ్లీ వేసుకోవడం, ఫోన్ రీసెట్ చేయడం, జీమెయిల్ లాగౌట్ కావడం లాంటి ప్రయోగాలు చేయొద్దు. మళ్లీ లోపలికి రావాలంటే కోడ్ అడుగుతుంది, ఆ కోడ్ ఎక్కడికో వెళ్తుంది.

లాగిన్ కోడ్‌లు ఫోన్‌లోనే తయారుచేసే అథెంటికేటర్ యాప్‌లో ముప్పై సెకన్లకోసారి మారే కోడ్‌లకు మాత్రం నెట్‌తో పని లేదు, ఫోన్‌లోని గడియారమే చాలు. వీలున్న ఖాతాలన్నిటికీ ముందే ఆ పద్ధతి పెట్టుకోండి. బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాసుకుని పాస్‌పోర్టుతో పాటు పెట్టండి. హవాయిలో దిగినప్పుడు ఇండియా సిమ్‌కు రోమింగ్ ఆన్ చేస్తే మా ఓటీపీలు వచ్చాయి. బ్యాంకు పనులన్నీ అక్కడ ఒక చెట్టు కింద కూర్చుని అరగంటలో ముగించాను.

తిరుమల టికెట్లు విడుదలయ్యే రోజు ఓడలో ఉన్నాం. ప్రయత్నించొచ్చా?

మేం ప్రయత్నించాం. ఇండియాలో పొద్దున 10 అయ్యేసరికి మా ఓడలో రాత్రి ఏడున్నర, అందరూ భోజనాల దగ్గర ఫోన్లు తీసే సమయం. పేజీ తిరుగుతూనే ఉంది. మొత్తానికి మా బావమరిది కూతురే హైదరాబాద్ నుంచి చేసింది. వివరాలు ముందే ఎవరికైనా ఇచ్చి వెళ్లండి.

ఓడలో ఫోన్ టైము తప్పు చూపిస్తోంది. మనమే మార్చుకోవచ్చా?

మార్చుకోవచ్చు, కానీ ఎలా అన్నది ముఖ్యం. అక్టోబరులో లాస్ ఏంజిలిస్‌కూ హవాయికీ మూడు గంటల తేడా. ఓడలో ఒక్కో రాత్రి ఒక గంట చొప్పున వెనక్కి జరుపుకోమని మైకులో చెబుతారు. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉన్న ఫోన్‌కు ఈ సంగతి తెలియదు. నేను తెలివిగా సెట్టింగ్స్‌లోకి వెళ్లి గంట ముల్లు వెనక్కి తిప్పినట్టు టైము మార్చేశాను. మర్నాటి నుంచి అథెంటికేటర్ కోడ్ ఏది కొట్టినా తప్పంటుంది, కొన్ని వెబ్‌సైట్లు సురక్షితం కాదంటూ తెరుచుకోవు. ఓడ నెట్‌నే ఒక పూటంతా తిట్టుకున్నాను. చివరికి మా అల్లుడు ఫోన్ చూసి, "మావయ్యా, టైము కాదు మార్చాల్సింది, టైమ్ జోన్" అన్నాడు. ఇన్నేళ్లు టెలిఫోన్స్‌లో చేసి ఇదీ నా పరువు.

టైమ్ జోన్ మారిస్తే ఫోన్ లోపలి అసలు గడియారం చెక్కుచెదరదు, కనిపించే అంకె మాత్రమే మారుతుంది. కాబట్టి ఆటోమేటిక్ తీసేసి, ఆ రోజు ఓడ టైముకు సరిపోయే ఊరు ఎంచుకోండి. ఇంకా సులువు కావాలంటే చేతికి మామూలు వాచీ పెట్టుకుని ఓడ టైము అందులో పెట్టుకోండి. రేవులో దిగినప్పుడు ఎన్నింటికి తిరిగి ఎక్కాలన్నది ఓడ టైము ప్రకారమే.

ఇండియాకు కాల్ చేయడానికి ఏ సమయం మంచిది?

తెల్లవారుజాము నాలుగు, ఆరు గంటల మధ్య. ఓడంతా నిద్రపోతుంటుంది, నెట్ ఖాళీ. మన అదృష్టం కొద్దీ హవాయి టైములో పొద్దున 5 అంటే ఇండియాలో అదే రోజు రాత్రి 8:30. అక్కడ భోజనాలవేళ, అందరూ ఇంట్లో ఉంటారు. పెద్దవయసు వాళ్లం ఎలాగూ ఆ వేళకే లేస్తాం. రాత్రి ఎనిమిది, పది మధ్య మాత్రం అస్సలు వద్దు.

వీడియో వదిలేసి మామూలు వాట్సాప్ కాల్ చేయండి. అది కూడా తెగుతుంటే వాయిస్ మెసేజ్ పంపండి. మీరు చెప్పింది ఫోన్‌లో ఉండి, నెట్ దొరికిన క్షణాన దానంతటదే వెళ్తుంది. మా ఆవిడ మా వియ్యపురాలికి రోజూ రెండేసి నిమిషాల వాయిస్ మెసేజ్‌లు పెట్టేది. ఆవిడ అటునుంచి పంపేది. ఎదురుబొదురు కాల్స్ కన్నా ఇదే హాయిగా సాగింది, మధ్యలో ఎవరూ అడ్డురారు కదా.

ప్యాకేజీ కొన్నా నెట్ పాకుతోంది. ఫోన్‌లో ఏం చూసుకోవాలి?

ముందు ఫొటోల బ్యాకప్ ఆపండి. రోజుకు రెండు వందల సూర్యాస్తమయాలు తీస్తాం, ఒక్కొక్కటి మూడు నాలుగు ఎంబీలు, అవన్నీ గూగుల్ ఫొటోస్‌కో ఐక్లౌడ్‌కో ఎక్కుతూ ఉంటే మిగతాదానికి దారేది? యాప్‌ల ఆటోమేటిక్ అప్‌డేట్లు, వాట్సాప్‌లో ఫొటోలు వీడియోలు వాటంతటవే దిగడం కూడా ఆపేయండి. కుటుంబం గ్రూపులో గుడ్ మార్నింగ్ బొమ్మలు ఎన్ని వస్తాయో మీకు తెలుసు. ఐఫోన్‌లో ఆ వైఫైకి లో డేటా మోడ్, ఆండ్రాయిడ్‌లో మీటర్డ్ అని పెడితే చాలావరకు సద్దుమణుగుతుంది. వాట్సాప్ సెట్టింగ్స్‌లో కాల్స్‌కు తక్కువ డేటా వాడమనే మీట కూడా ఉంది. స్పీడు ఎంతుందో అని గంటకోసారి టెస్టు పెట్టకండి, ఉన్న కాస్తా దానికే పోతుంది.

వైఫై కలిసింది, లాగిన్ పేజీ రావడం లేదు.

వీపీఎన్, అంటే నెట్‌ను వేరే దారిలో గుట్టుగా పంపే యాప్, ఉంటే ఆపండి. ఐఫోన్‌లో ప్రైవేట్ రిలే, ఆండ్రాయిడ్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ కూడా. ఈ మధ్య ఫోన్లు తమ గుర్తింపును మార్చుకుంటూ వైఫైకి కలుస్తాయి, అప్పుడు ఓడ సిస్టమ్ మిమ్మల్ని కొత్త ఫోన్ అనుకుని మళ్లీ డబ్బు అడుగుతుంది. ఓడ వైఫై వరకు ఆ ప్రైవేట్ అడ్రస్ సదుపాయం తీసేస్తే సరి. ఇంకా రాకపోతే గెస్ట్ సర్వీసెస్ కౌంటర్ దగ్గరికి వెళ్లండి. పొద్దున తొమ్మిదికి అక్కడ మన రేషన్ షాపు క్యూ కనిపిస్తుంది, రాత్రి పదకొండు తర్వాత ఎవరూ ఉండరు.

ఓడలో ఒకరినొకరు వెతుక్కోవడం ఎలా? దానికీ ప్యాకేజీ కొనాలా?

అక్కర్లేదు. ఓడ కంపెనీ సొంత యాప్ ఇంటర్నెట్ లేకుండానే ఓడ వైఫై మీద నడుస్తుంది. మెనూలు, కార్యక్రమాలు అందులోనే ఉంటాయి. కొన్ని కంపెనీల యాప్‌లో మనలో మనం మెసేజ్‌లు పంపుకోవచ్చు, దానికి కొందరు కొద్దిపాటి ఫీజు తీసుకుంటారు. యాప్ ఒడ్డున ఉండగానే డౌన్‌లోడ్ చేసుకోండి. మేం అది కూడా వాడలేదు, క్యాబిన్ తలుపుకు చీటీ అంటించేవాళ్లం.

ఓడ నుంచి ఆఫీసు పని చేయొచ్చా? సెలవులు మిగుల్చుకుందామని.

మా అల్లుడు అలాగే అనుకున్నాడు. మొదటి మీటింగ్‌లో 'వినబడుతోందా, వినబడుతోందా' అనడంతోనే పది నిమిషాలు గడిచింది, తర్వాత ఆఫీసు వీపీఎన్ తెగి మళ్లీ కలవలేదు. ఆ సాయంత్రమే సెలవు పెట్టేశాడు. రాసుకునే పని, నెట్ లేకుండా కోడ్ రాసి పొద్దున్నే పంపే పని అయితే కుదురుతుంది. ఆన్‌కాల్ డ్యూటీ, క్లయింటు మీటింగులు, ఉద్యోగం ఇంటర్వ్యూ మాత్రం ఈ రోజుల్లో పెట్టుకోకండి. కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్‌ను అమెరికా దాటి మెక్సికో రేవులో తెరవొచ్చో లేదో కూడా కనుక్కోండి.

శాటిలైట్ ఫోనో, సొంత రూటరో తీసుకెళ్తే?

రూటర్లు, డిష్‌లు తేవద్దని ఓడ కంపెనీలు కొన్ని నిషేధిత వస్తువుల జాబితాలోనే రాశాయి, ఎక్కేటప్పుడు తీసి పక్కన పెడతారు. శాటిలైట్ ఫోన్ విషయం ఇంకా సున్నితం. ఇండియాలో అనుమతి లేకుండా తురాయా, ఇరిడియం లాంటి ఫోన్లు ఉంచుకోవడం నేరం. కొండలెక్కేవాళ్లు వాడే గార్మిన్ ఇన్‌రీచ్ అనే శాటిలైట్ మెసేజ్ పరికరం సంచిలో ఉన్నందుకే మన విమానాశ్రయాల్లో విదేశీయులను ఆపేసిన సందర్భాలున్నాయి. అమెరికాలో మీ అబ్బాయి ముచ్చటపడి కొనిచ్చినా ఇంటికి తెచ్చుకోకండి.

మరి అన్ని రోజులు పొద్దు ఎలా పోతుంది?

ఓడ ఎక్కకముందే ఫోన్‌లో నింపుకుని వెళ్లాలి. సినిమాలు డౌన్‌లోడ్ చేసుకుంటే వాటికి గడువు ఉంటుందని గుర్తుపెట్టుకోండి. కొన్ని యాప్‌లలో చూడటం మొదలుపెట్టిన 48 గంటలకు అది పోతుంది, మళ్లీ తెరవాలంటే నెట్ అడుగుతుంది. అందుకని మొదలుపెట్టినది ఆ రోజే పూర్తి చేసేయండి. పాటలు, విష్ణుసహస్రనామం లాంటివి మామూలు ఆడియో ఫైళ్లుగా ఫోన్‌లోకి ఎక్కించుకుంటే ఏ గొడవా లేదు. హిలో, హోనలూలూ ప్రాంతాల మ్యాపులు గూగుల్ మ్యాప్స్‌లో ముందే దింపి పెట్టండి. మా మనవడు రెండు రోజులు ఫోన్ కోసం ఏడ్చి, మూడో రోజు పేకముక్కలు పట్టాడు. ఇప్పుడు రమ్మీలో నన్నే ఓడిస్తున్నాడు.

నెట్ సరిగా రాకపోతే డబ్బు వాపసు ఇస్తారా?

అడిగితే కొంత ఇవ్వవచ్చు, అడగకపోతే ఇవ్వరు. 'నెట్ బాలేదు' అంటే పట్టించుకోరు. ఏ రోజు ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా రాలేదో రాసుకుని చూపించండి. నేను తొమ్మిది రోజులదీ చిన్న పట్టిక రాసి పట్టుకెళ్లాను, పాత అలవాటు. నవ్వుతూనే రెండు రోజుల డబ్బు మా ఓడ ఖాతాలో జమ చేశారు. ఆఖరి రోజు దాకా ఆగకండి, ఆ రోజు కౌంటర్ దగ్గర ఎవరి మాటా ఎవరికీ వినబడదు.

రేవుల్లో ఉచిత వైఫై ఎక్కడ దొరుకుతుంది?

ఓడ సిబ్బంది వెనకే నడవండి. దిగిన పది నిమిషాల్లో వాళ్లు ఏ కాఫీ షాపులో, ఏ లైబ్రరీ మెట్ల మీద గుంపుగా కూర్చుంటారో అక్కడ నెట్ బాగున్నట్టే. మనకు పదహారు రోజుల బాధ, వాళ్లకు నెలల తరబడి. ఓడల్లో పనిచేసేవాళ్లకు ఇంటితో మాట్లాడుకునే ఇంటర్నెట్ సౌకర్యం కల్పించాలనే సవరణ అంతర్జాతీయ సముద్ర కార్మిక ఒప్పందంలో 2024 డిసెంబరు 23 నుంచే అమల్లోకి వచ్చింది. మా బల్ల దగ్గర వడ్డించే గోవా కుర్రాడికి ఏడు నెలల పాప. హిలోలో ఓడ దిగితే ఒక షాపు గోడ పక్కన నిలబడి పాపతో వీడియో కాల్ మాట్లాడుతూ కనిపించాడు. నన్ను చూసి ఫోన్ ఇటు తిప్పాడు. నేను చెయ్యి ఊపాను, పాప నిద్రపోతోంది.